కాలెండరు వల్లె వేయించడానికి కాదు



పద్యాల గురించి, సామెతల గురించి వ్రాసుకునే ఈ పుటలో ఈసారి పసిపిల్లల మాటల గురించి, అందులోనూ గోడకు వేలాడే కాలెండరు గురించి వ్రాస్తున్నాను. కొంచెం కోపంగానే వ్రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి, చోడవరంలో అరుగుమీద కూర్చొని పత్రిక చదువుకోవలసిన వాడికి ఈ వయసులో కోపమెందుకని అడగవచ్చు. కారణం చెబుతాను. చదివిన తరువాత ఆ కోపం సబబో కాదో మీరే తేల్చండి.

మా రెండవ అమ్మాయి కాపురం విశాఖపట్నంలో. దాని కొడుకును ఇంట్లో అందరం చిట్టి అంటాము. ఇక్కడా ఆ పేరే ఉండనిస్తాను. మూడున్నరేళ్ళు నిండినా వాడికి వచ్చినవి పదో పన్నెండో మాటలు. రెండు మాటలు కలిపి అనేవాడు కాదు. చెవి పరీక్ష చేయించారు, వినికిడి బాగానే ఉన్నదన్నారు. తరువాత ఒక స్పీచ్ థెరపీ కేంద్రంలో చేర్పించారు. అక్కడ మొదటిరోజే చెప్పిన మాట ఇది: "ఇంట్లో రెండు భాషలు వద్దు. ఎలాగూ ఇంగ్లీషు మీడియంలోనే చదవాలి కదా, ఇకనుంచి అందరూ వీడితో ఇంగ్లీషే మాట్లాడండి."

అమ్మాయీ అల్లుడూ చదువుకున్నవారు కనుక ఏదో నెట్టుకొచ్చారు. మా ఆవిడ సంగతి వేరు. మనవడి కోసమే ఆమె అక్కడ ఉంటున్నది. వాడికి స్నానం చేయించేదీ, అన్నం పెట్టేదీ, జోకొట్టి నిద్రపుచ్చేదీ ఆమే. ఆమెకు తెలిసిన ఇంగ్లీషు నాలుగైదు మాటలు. చదువుకున్నవాళ్ళు వద్దన్నారు కదా అని ఆమె తన తెలుగును కొంగున ముడి వేసుకున్నది. ఆ ఏడు సంక్రాంతి వెళ్ళిన తరువాత నేను వెళ్ళి చూసేసరికి వాడి నోటికి ముద్ద అందిస్తూ "ఈట్ నాన్నా, ఈట్" అంటున్నది. ఆ పైన ఏమనాలో తెలియక ఊరుకుంటున్నది. కాకి కథ లేదు, చందమామ లేడు, "అమ్మకొక ముద్ద, నాన్నకొక ముద్ద" లేదు. పిల్లవాడికి మాటలు రావడం లేదని వైద్యానికి వెళితే, ఇంట్లో పెద్దదానికి ఉన్న మాటలు పోయాయి.

గోడకు ఆ కేంద్రంవారిచ్చిన కాలెండరు పటం ఒకటి వేలాడుతున్నది. లామినేషన్ చేసిన అట్ట. వారాల పేర్లు ఇంగ్లీషులో. ఋతువులకు బొమ్మలు: ఒకచోట మంచుతో చేసిన మనిషి, ఒకచోట ఎర్రబడి రాలుతున్న ఆకులు. సముద్రపుటొడ్డున చొక్కా తడిసిపోయే ఊళ్ళో మంచుమనిషి! చిట్టి రోజూ ప్రొద్దున దాని ముందు నిలబడి "టుడే ఈజ్ ట్యూస్‌డే" అనాలి. సండే నుండి సాటర్‌డే దాకా పాట పాడాలి. వాడు పాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పుడు తెలుగులో అడిగాను: "చిట్టీ, నిన్న మనింటికి ఎవరొచ్చారు?" ముందురోజు వాడి బాబాయి వచ్చి బొమ్మ లారీ ఇచ్చి వెళ్ళాడు. ఆ లారీ వాడి చేతిలోనే ఉన్నది. వాడు నా ముఖం చూశాడు, గోడమీది పటం చూశాడు, "ట్యూస్‌డే" అన్నాడు.

ఏడు వారాల పేర్లు వచ్చిన పిల్లవాడికి "నిన్న" రాలేదు. నా కోపం ఇక్కడ మొదలయింది.

నా వాదన రెండు ముక్కలలో చెబుతాను. మాట ఆలస్యమయిన పిల్లలకు కాలెండరు చాలా మంచి సాధనం. అయితే అది పేర్లు వల్లె వేయించడానికి కాదు, జరిగినదీ జరగబోయేదీ చెప్పించడానికి. ఆ పని పిల్లవాడు పుట్టి పెరిగిన ఇంటిభాషలోనే మొదలు కావాలి. ఇంటిభాషను మానిపించి కాలెండరు నేర్పడమంటే చెట్టు వేరు కోసి కొమ్మకు నీళ్ళు పోయడమే.

వాదంలోకి దిగేముందు ఒక స్పష్టీకరణ. నేను వైద్యుడిని కాను, ఈ విద్యకు వ్యతిరేకినీ కాను. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1960లనుండి ఈ రంగంలో ఎందరినో తయారుచేసింది. సికింద్రాబాదులో బుద్ధిమాంద్యం గల పిల్లలకోసం జాతీయ సంస్థ 1984లో వచ్చింది. 2013లో మొదలయిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీలలోనూ ప్రభుత్వ బడులలోనూ పిల్లలను పరీక్షించి, ఎదుగుదలలో ఆలస్యం కనబడితే జిల్లాస్థాయి కేంద్రానికి పంపాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో వాక్కు, భాషలకు సంబంధించినదీ ఒకటి. రెండేళ్ళు నిండినా పిల్లలు రెండు మాటలు కలిపి అనకపోతే "మా మామయ్యకూ ఆలస్యంగానే వచ్చాయి" అని కూర్చోకుండా, ముందు చెవి పరీక్ష చేయించి, తరువాత తెలిసినవారికి చూపించండి. కాలెండరు థెరపిస్టుకు బదులు కాదు. థెరపిస్టు చెప్పినదంతా వేదమూ కాదు.

ఇక అసలు విషయం. మాటల చికిత్సలోకి కాలెండరు ఎట్లా వచ్చింది? నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ డైక్ అనే విద్యావేత్త చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలతో పనిచేశాడు. అటువంటి పిల్లవాడికి గోడమీది అంకె ఏం చెబుతుంది? అందుకని వరుసగా గళ్ళున్న పెట్టెలో వస్తువులు పెట్టేవారు. చెంచా ఉంటే భోజనం, తువ్వాలు ఉంటే స్నానం. పిల్లవాడు చెంచా తడిమి తీసుకొని భోజనానికి వెళతాడు. అయిపోయిన తరువాత దానిని "అయిపోయింది" అనే పెట్టెలో వేస్తాడు. అదే వాడి కాలెండరు. అంకె లేదు, వారం పేరు లేదు. అయినా భూతమూ వర్తమానమూ భవిష్యత్తూ మూడూ ఉన్నాయి. తరువాత 1970లలో అమెరికాలోని ఉత్తర కరోలినాలో ఆటిజం పిల్లలకోసం టీచ్ అనే పద్ధతి వచ్చింది. రోజులో ఏ పని తరువాత ఏ పనో బొమ్మల వరుసలో చూపించడం అందులో ముఖ్యమైన భాగం. రెండింటిలోనూ మొదట వచ్చినది పని. పేరు తరువాత వచ్చింది.

మన దగ్గరకు వచ్చేసరికి పని జారిపోయి పేరు మిగిలింది. ఇది మన ఒక్కరి దోషమే కాదు. అమెరికా శిశుపాఠశాలలలో ప్రొద్దున్నే పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి తేదీ, వారం, నెల చెప్పించే ఆచారం చాలాకాలంగా ఉన్నది. దానిని 2008లో సాలీ బెనెకే, మైకలీన్ ఆస్ట్రోస్కీ, లిలియన్ కాట్జ్ అనే ముగ్గురు విదుషీమణులు ఒక వ్యాసంలో గట్టిగా ప్రశ్నించారు. ఉద్దేశం మంచిదే కాని దారి తప్పిందని వారి అభిప్రాయం. నాలుగేళ్ళ పిల్లలకు వారాలు, నెలలు అనే కొలతలు ఇంకా అందవు. అందనిదానిని రోజూ చెప్పిస్తే నోరు కదులుతుంది, బుద్ధి కదలదు. మాటలు సరిగా వచ్చిన పిల్లల సంగతే ఇట్లా ఉంటే, మాటకోసం తడుముకునే పిల్లవాడి సంగతి ఆలోచించండి. వాడికి వారంలో దొరికే థెరపీ రెండు గంటలో మూడు గంటలో. అందులో కొంతసేపు సండే మండే పాటకు పోతే, వాడి మాట ఎప్పుడు పుట్టాలి?

ఇప్పుడు నా స్వంత గడ్డమీదికి వస్తాను. తెలుగులో కాలాన్ని చెప్పే తీరు వేరు, ఇంగ్లీషులో వేరు. ఈ తేడా తెలియకుండా అచ్చు పటాలను దించుకుంటే నష్టం ఎవరికో చూడండి.

మనకు నిన్న, మొన్న, అటు మొన్న ఉన్నాయి. రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి ఉన్నాయి. ఇటు మూడు, అటు మూడు, నడుమ ఈరోజు. ఇంగ్లీషులో మొన్ననూ ఎల్లుండినీ చెప్పడానికి నాలుగు మాటల మూట విప్పాలి. హిందీలో నిన్నకూ రేపుకూ ఒకటే "కల్". మన పిల్లవాడికి అరచేతిలో పెట్టినట్లు విడివిడిగా, చిన్నచిన్న మాటలుగా ఉన్నవాటిని వదిలించి, పొడవాటి పదబంధాలు నేర్పడం ఏమి తెలివి?

క్రియలను చూడండి. "బాబాయి రోజూ వస్తాడు", "బాబాయి రేపు వస్తాడు". రెండింటిలోనూ క్రియ ఒకటే. బాలవ్యాకరణం తద్ధర్మార్థకమని విడిగా చెప్పినదీ భవిష్యత్తూ నేటి వాడుకలో ఒకే రూపంలో కలిసిపోయాయి. అలవాటో, జరగబోయేదో తేల్చేది "రోజూ", "రేపు" అనే మాటలే. కాబట్టి తెలుగు పిల్లవాడికి ఈ కాలవాచకాలు అలంకారాలు కావు, వాక్యానికి ఇరుసులు. వ్యతిరేకార్థంలో చూడండి. "పాలబ్బాయి నిన్న రాలేదు", "పాలబ్బాయి రేపు రాడు". ఇక్కడ కాలం మారగానే క్రియ స్వరూపమే మారిపోయింది. ఈ సూక్ష్మం ఏ ఇంగ్లీషు పటంలో దొరుకుతుంది?

అన్నిటికంటె ముఖ్యమైనది క్త్వార్థకం. "లేచి, పళ్ళు తోముకొని, పాలు తాగి, బడికి వెళ్ళాడు." నాలుగు పనులను దండలో పూలలాగా గుచ్చిన దారం ఆ "ఇ"కారం. ఇంగ్లీషు పటాలు "ఫస్ట్, నెక్స్ట్, దెన్" అని విడివిడి వాక్యాలు చెప్పిస్తాయి. తెలుగులో కథ చెప్పడమంటే క్త్వార్థకాలు పేర్చడం. అది రాని పిల్లవాడు ఎన్ని నామవాచకాలు నేర్చినా రెండు ముక్కల తరువాత ఆగిపోతాడు. రోజులో జరిగిన పనులను బొమ్మల వరుసగా పెట్టి చెప్పిస్తే ఈ దారం అలవడుతుంది. చేసి వచ్చిన తరువాత చేస్తూ, ఆ తరువాత చేస్తే, చేసినా. పేర్లు పిల్లవాడికి అక్కరలేదు. పేర్లు తెలిసిన మనం వాడికి వాక్యాలు అందిస్తే చాలు.

"ముందు" అనే మాట ఒకటి ఉన్నది. "ఇంటి ముందు" అంటే చోటు, "అన్నానికి ముందు" అంటే గడిచిన వేళ, "ముందు ముందు" అంటే రాబోయే కాలం. మనం గమనించకుండా వాడేస్తాము. భాషతో ఇబ్బంది పడే పిల్లవాడు ఇక్కడ బోర్లా పడతాడు. వాడికి చెయ్యి అందించగలిగినది తెలుగు తెలిసి తెలుగులో మాట్లాడే మనిషి ఒక్కరే.

ఇక కాలెండరు. దీనికోసం ఎక్కడికీ వెళ్ళి కొనుక్కురానక్కరలేదు. తెలుగువారి ఇళ్ళలో వంటింటి తలుపు ప్రక్కన మేకుకు ఒకటి వేలాడుతూనే ఉంటుంది. తిథి, వారం, నక్షత్రం, రాహుకాలం, వర్జ్యం, సెలవురోజున ఎర్ర అంకె. ఆ గళ్ళలో ఇల్లాలి చేతివ్రాత చూడండి. పాలప్యాకెట్ల లెక్క, గ్యాసుబండ వచ్చిన తేదీ, పనిమనిషి రాని రోజుకు అడ్డగీత, చీటీ డబ్బు కట్టవలసిన రోజుకు చుట్టిన సున్నా. ఆ ఇంటి చరిత్ర అంతా అందులో ఉన్నది. ప్రతి గడీలో ఒక వాక్యం సిద్ధంగా ఉన్నది. "నిన్న గ్యాసుబండ వచ్చింది. ఎవరు తెచ్చారు? ఎట్లా తెచ్చారు? భుజంమీద!" పిల్లవాడు కళ్ళారా చూసిన సంగతి కనుక మాట ఊరుతుంది. వాడు ఎన్నడూ చూడని మంచుమనిషి గురించి ఏమి చెబుతాడు?

పండుగలకు రండి. భోగి, సంక్రాంతి, కనుమ వరుసగా మూడు రోజులు. ఒకరోజు మంట, ఒకరోజు కొత్తబట్టలు, ఒకరోజు పశువుల అలంకారం. వరుస నేర్పడానికి ఇంతకంటె మంచి పాఠం ఎవరు తయారు చేయగలరు? మా ప్రాంతంలో అనకాపల్లి నూకాలమ్మ జాతర కొత్త అమావాస్యకు మొదలవుతుంది, మరునాడు ఉగాది. విజయనగరం పైడితల్లి సిరిమాను విజయదశమి తరువాత వచ్చే మంగళవారం. "దసరా అయిపోయింది. మంగళవారం ఇంకా రాలేదు. ఎన్ని రోజులు ఉన్నది?" ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఇది గణితమూ భాషా కలిసిన ఆట.

వారాల పేర్లలోనే ఒక చిక్కున్నది. మా చోడవరం ప్రాంతపు ఇళ్ళలో పిల్లవాడు అవ్వ నోట వినేది "లచ్చివారం". కాలెండరులో ఉన్నది "గురువారం". బడిలో చెప్పేది "థర్స్‌డే". తెలియని థెరపిస్టు "లచ్చివారం" అన్న పిల్లవాడికి తప్పు గుర్తు పెడుతుంది. నిజానికి వాడు సరిగ్గా చెప్పాడు! పేర్లు మారినప్పుడు నోరు అలవాటు పడటానికి సమయం పడుతుందన్న సంగతి నాకు బాగా తెలుసు. 2022 ఏప్రిల్ 4న మా చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే నా నోట ముందు "విశాఖ జిల్లా" అనే వస్తుంది. అరవై దాటిన పండితుడికే ఈ వెసులుబాటు కావలసివస్తే, నాలుగేళ్ళ పసివాడికి అక్కరలేదా?

ఇప్పుడు పూర్వపక్షాలు.

మొదటిది: "రెండు భాషలు వింటే పిల్లవాడు తికమక పడతాడు, మాట ఇంకా ఆలస్యమవుతుంది." ఇది నమ్మకమే కాని నిరూపణ కాదు. 2005లో కెనడాలో ఎలిజబెత్ కే-రెయినింగ్ బర్డ్, ఆమె సహచరులు డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలను పరిశీలించారు. రెండు భాషల మధ్య పెరుగుతున్న పిల్లలు, అదే స్థాయి ఎదుగుదల గల ఒక్క భాష పిల్లలకంటె ఇంగ్లీషులో వెనుకబడలేదని తేలింది. 2012లో హాంబ్లీ, ఫాంబాన్ అనేవారు ఆటిజం పిల్లల విషయంలో ప్రచురించిన పరిశోధన కూడా రెండు భాషల వాతావరణంవల్ల అదనపు ఆలస్యం కనబడలేదనే చెప్పింది. రెండవ భాష రోగకారణం కాదు. ఇంట్లోవారు తమకు రాని భాషలో ముక్కలు ముక్కలుగా మాట్లాడితే మాత్రం పిల్లవాడికి అందే భాష తగ్గిపోతుంది. మా ఇంట్లో జరిగినది అదే.

రెండవది: "బడిలో ఇంగ్లీషు కదా, తెలుగు నేర్చి ఏం చేస్తాడు?" అయ్యా, బడి మాధ్యమం గురించి మన రాష్ట్రంలో జరిగిన రభస అందరికీ తెలిసినదే. 2019 నవంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేయడం చూశాము. ఆ తగవును ఇక్కడికి లాగను. మాట రాని పిల్లవాడికి ఇంగ్లీషు మాధ్యమమా తెలుగు మాధ్యమమా అన్నది రెండవ ప్రశ్న. మనసులో ఉన్నదానిని మరొకరికి చెప్పగలగడం మొదటి ప్రశ్న. "నిన్న", "తరువాత", "ఎందుకంటే" అనే భావాలు ఒక భాషలో కుదిరితే రెండవ భాషలోకి దారి దొరుకుతుంది. ఏ భాషలోనూ కుదరకపోతే ఏ బడికి పంపినా వాడు చప్పట్లకోసం పాట పాడతాడంతే.

మూడవది మిత్రుడొకాయన నాతోనే అన్నాడు: "మాస్టారూ, ఇది మీ తెలుగు పిచ్చి. పంచాంగం పేరుతో పాతకాలం తెస్తున్నారు." కాదు. నేను అడిగేది ఇంటి కాలెండరు, ఇంటిభాష. రంజాను నెలవంకకోసం చూసే ఇంట్లో అదే కాలెండరు, క్రిస్మస్ నక్షత్రం కట్టే ఇంట్లో అదే. ఉర్దూ మాట్లాడే ఇంటికి ఉర్దూయే. మన్యంలో కువి మాట్లాడే ఇంటిపిల్లకు తెలుగు రుద్దితే అదీ ఇదే తప్పు. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకోసం తాను సవర నేర్చుకొని, పుస్తకాలు వ్రాసి, బడులు పెట్టించారు. పిల్లలను తన భాషకు రమ్మనలేదు, తాను వారి భాషకు వెళ్ళారు. ఆగస్టు 29న ఆయన పటానికి దండవేసే మనం, మాట రాని పిల్లల దగ్గర ఆ పాఠం మరచిపోకూడదు.

ఇంతసేపూ ఇతరులను అన్నాను. ఇప్పుడు నన్ను నేను అనుకోవాలి. వల్లెవేతలో ఇంగ్లీషు బడులను మించినవాళ్ళం మేము, తెలుగు పండితులం. ప్రభవ విభవల నుండి అక్షయ దాకా అరవై పేర్లు, ఇరవై ఏడు నక్షత్రాలు, పన్నెండు నెలలు బెత్తం పట్టుకొని చెప్పించాము. చిత్తా నక్షత్రంతో కూడిన పున్నమి వల్ల చైత్రమని ఎందరికి వివరించాము?

1991లో ఒక పల్లెటూరి బడిలో ఆరవ తరగతి పిల్లవాడిని పుష్యమాసం తరువాత ఏ మాసమని అడిగాను. వాడికి మాట తడబడేది. ప్రతి వాక్యానికీ మొదట్లో ఆగిపోయేవాడు. చాలాసేపు పెనుగులాడి "సెరుకు నరికే నెల తరవాత... మాయింట్లో బెల్లం వొండుతారు" అన్నాడు. తరగతి ఘొల్లుమన్నది. నేనూ నవ్వాను. "మాఘమాసం" అని పదిసార్లు చెప్పించి బెంచీ ఎక్కించాను. ఆ ఏడు పరీక్షలకు వాడు రాలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు తరగతిలో కాలం తెలిసిన పిల్లవాడు వాడొక్కడే. నేను అడిగినది పేరు, వాడు చెప్పినది బ్రతుకు. వాడు కష్టపడి కూర్చుకున్న వాక్యాన్ని వినే ఓపిక భాషాపండితుడికి లేకపోయింది. చిట్టి "ట్యూస్‌డే" అన్నప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చినది ఆ పిల్లవాడి ముఖమే. అందుకే ఈ కోపంలో సగం నామీదే.

తరువాత ఏమయిందో చెప్పి ముగిస్తాను. చిట్టిని మరొక చోటికి మార్చారు. అక్కడి థెరపిస్టు చిన్న వయసు అమ్మాయి. మొదటిరోజే మా ఆవిడను పిలిచి, "అమ్మమ్మగారూ, మీరు మామూలుగా ఎట్లా మాట్లాడతారో అట్లాగే మాట్లాడండి. మీ ఇంటి కాలెండరే చాలు" అన్నది. మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. ఆ అమ్మాయి చెప్పిన పద్ధతి ఇది. ఎవరికైనా పనికివస్తుందని వ్రాస్తున్నాను.

ఒక అట్టమీద మూడే గళ్ళు: నిన్న, ఈరోజు, రేపు. అంకెలు వద్దు, నెల వద్దు. రాత్రి పడుకోబోయేముందు ఆ రోజు జరిగిన ఒక్క సంగతికి బొమ్మో వస్తువో ఈరోజు గడిలో పెట్టాలి. బస్సు టికెట్టు, చెరకు తొక్క, చాక్లెట్టు కాగితం, ఏదైనా సరే. తెల్లవారగానే పిల్లవాడి చేతనే దానిని నిన్న గడిలోకి జరిపించాలి. జరుపుతూ ఆ సంగతి చెప్పించాలి. అడిగిన తరువాత మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టి ఆగాలి. మనం తొందరపడి జవాబు అందించకూడదు. వాడు తప్పు చెబితే "తప్పు" అనకూడదు. ఒప్పును మన మాటగా తిరిగి అనాలి. ఎవరైనా రాబోతుంటే గోడ కాలెండరులో ఎర్రసున్నా చుట్టి, రాత్రికొక గీత కొట్టించి, "ఇంకా ఎన్ని రాత్రులు పడుకోవాలి?" అని అడగాలి. మొత్తం పది నిమిషాల పని. వారంలో ఉన్న నూట అరవై ఎనిమిది గంటలలో థెరపీగది బయట గడిచేవే ఎక్కువ కదా.

ఎనిమిది నెలలయింది. అద్భుతాలేమీ జరగలేదు. చిట్టి ఇంకా తన ఈడు పిల్లలకంటె వెనుకనే ఉన్నాడు, థెరపీ సాగుతున్నది. మొన్న వెళ్ళినప్పుడు నా చేతికి ఒక చాక్లెట్టు కాగితం ఇచ్చి, "తాతా, నిన్న బాబాయి వచ్చి, చాకెట్టు ఇచ్చింది" అన్నాడు. నాలోని పండితుడు లింగదోషం పట్టుకోవడానికి లేచాడు. వాడిని కూర్చోబెట్టి, "అవునా! బాబాయి వచ్చి చాక్లెట్టు ఇచ్చాడా!" అన్నాను. చిట్టి ఒక క్షణం ఆగి, "ఇచ్చాడు" అన్నాడు. "నిన్న" ఉన్నది. "వచ్చి" అనే క్త్వార్థకం ఉన్నది. ముప్పై నాలుగేళ్ళలో నేను దిద్దిన ఏ జవాబుపత్రమూ నాకు ఇంత ఆనందం ఇవ్వలేదు.

థెరపీ కేంద్రాలవారికి నా మనవి ఒక్కటే. పిల్లవాడు ఏ భాషలో ఏడుస్తాడో, ఏ భాషలో అన్నం అడుగుతాడో ముందు అడిగి తెలుసుకోండి. ఆ తరువాత పటం గీయండి. ఇంట్లో ముసలివాళ్ళ నోరు మూయించకండి. మీకు ఉచితంగా దొరికే సహాయకులు వాళ్ళే. తల్లిదండ్రులకు మనవి: ఇంటిభాష మానమన్న సలహా ఎవరిచ్చినా, ఎంత పెద్ద బోర్డు క్రింద కూర్చొని ఇచ్చినా, ఎందుకని ఒకసారి ఎదురు అడగండి.

బ్లాగ్మిత్రులకు ఒక కోరిక. లచ్చివారం వంటి మాటలు మీ మీ ప్రాంతాలలో ఎన్నో ఉంటాయి. రోజులకు, వేళలకు, పంటల నెలలకు మీ ఇంట్లో పెద్దలు వాడే మాటలు వ్యాఖ్యలలో వ్రాయండి. అన్నీ కలిపి ఒక పట్టిక చేసి ఇక్కడే పెడతాను. ఏ ఊళ్ళోనో ఒక థెరపిస్టు అది చూసి, ఒక పిల్లవాడి మాటకు తప్పు గుర్తు పెట్టబోయి ఆగితే, మన అంతర్జాల వ్యవసాయానికి అంతకంటె ఫలం ఏమి కావాలి?

సెలవు.